గీతలు పడ్డ బొమ్మ చెప్పిన నిజం

ఇది పాత సినిమాలు మళ్లీ హాళ్లకు రావడం గురించిన వ్యాసం. కానీ తిరిగి తిరిగి ఒక క్షమాపణ దగ్గర తేలుతుంది. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. రాస్తూ రాస్తూ మధ్యలో తప్పించుకునే బుద్ధి నాకే పుట్టొచ్చు. ఇతరుల మూఢనమ్మకాలను ఎండగట్టడంలో ఉన్న హుషారు మన పొరపాట్లు ఒప్పుకోవడంలో మనకు ఉండదు కదా!

మా పెద్దక్క భర్త, అంటే మా బావగారు, సినిమా హాల్లో ఆపరేటర్. కృష్ణా జిల్లాలో ఒక చిన్న ఊరు, ఆ ఊరికి ఒకటే హాలు. 1969లో క్యాబిన్‌లో సాయం చేసే కుర్రాడిగా చేరి, హాలు మూతపడేదాకా ఆయన అక్కడే ఉన్నారు. ఇప్పుడది కల్యాణ మండపం. వేసవి సెలవుల్లో అక్క వాళ్లింటికి వెళ్తే నా మకాం ఆ క్యాబిన్‌లోనే. అప్పట్లో వెలుగు కార్బన్ కడ్డీల నుంచి వచ్చేది. రెండు కడ్డీల మధ్య నిప్పు పుట్టించి, అవి కాలి అరిగిపోతూ ఉంటే ఎడం పెరగకుండా దగ్గరకు జరుపుతూ ఉండాలి. ఆపరేటర్ ఒక్క కునుకు తీశాడంటే తెర మసకబారేది, నేల టికెట్టు నుంచి ఈలలు మొదలయ్యేవి.

కొత్త సినిమా మా బావగారి హాలుకు చేరేసరికి అది కొత్తది కాదు. పెద్ద ఊళ్లలో ఆడి, అరిగి, అప్పుడు మాకు వచ్చేది. ప్రింటు నిండా నిలువు గీతలు. ‘బొమ్మలో వాన పడుతోంది’ అనేవాళ్లం. రీలు మొదలూ చివరా మరీ దెబ్బతినేవి, ఎక్కించేటప్పుడూ దించేటప్పుడూ చెయ్యి తగిలేది అక్కడే కాబట్టి. ఫిల్మ్ తెగితే ఆ చోట రెండు మూడు ఫ్రేములు కోసి అతికించాలి. సెకనుకు 24 ఫ్రేములు కాబట్టి రెండు మూడు పోతే ఎవరికీ తెలియదు. అదే చోట పదిసార్లు తెగితే మాత్రం ఒక మాట ఎగిరిపోతుంది. ఇంకా ఘోరం ఏమిటంటే, సెకండ్ షో ఆలస్యమవుతోందని ఒక పాటో, ఒక హాస్యపు ముక్కో లేపేసిన రోజులు కూడా ఉన్నాయని బావగారే ఒప్పుకున్నారు.

అంటే ఒకే పేరుతో ఆడిన సినిమా ఊరూరా ఒకటే కాదు. పక్క ఊరివాళ్లు చూసిన పాట మా ఊరివాళ్లు చూసి ఉండకపోవచ్చు. ఈ విషయం నేను చిన్నప్పుడే కళ్లారా చూశాను. చూసి కూడా ఎందుకు మరిచిపోయానో ఇప్పుడు చెబుతాను.

1975 ఆగస్టు 15న ‘షోలే’ విడుదలైంది. నేను మరుసటి ఏడాది విజయవాడలో డిగ్రీ చదువుతూ చూశాను. చివర్లో ఠాకూరు (సంజీవ్ కుమార్) గబ్బర్ సింగ్‌ను (అంజాద్ ఖాన్) చంపబోతుంటే పోలీసు అధికారి వచ్చి ఆపుతాడు, గబ్బర్‌ను పట్టుకెళ్తారు. నాకు బాగా గుర్తు. పదిహేనేళ్ల తర్వాత ఒక సంక్రాంతికి అక్క వాళ్ల వీధిలో ఎవరో వీసీఆర్ అద్దెకు తెచ్చారు. రాత్రంతా మూడు సినిమాలు. మూడోది షోలే. చివరిదాకా మేలుకుని ఉన్నది మా బావగారు ఒక్కరే. ఆయనకు రాత్రి మేలుకోవడం వృత్తి కదా! పొద్దున్నే ఆయన నాతో అన్న మాట ఇది.

“ఏమయ్యా, ఠాకూరు ఆ గబ్బర్‌గాణ్ణి మేకుల జోళ్లతో తొక్కి చంపేశాడు. పోలీసులు రానేలేదు.”

“పోలీసులు వస్తారు బావగారూ. మీరు నిద్రలో చూసినట్టున్నారు” అన్నాను.

“నేను నిద్రపోతే ఊళ్లో సినిమా ఎట్లా ఆడేదయ్యా?” అన్నారు.

నేను నవ్వేశాను. ఆ క్యాసెట్ అద్దె కొట్టుకు వెళ్లిపోయింది. టీవీలో ఎప్పుడు వేసినా పోలీసులు వస్తూనే ఉన్నారు. నా వాదన గెలిచినట్టే అయింది.

ఇక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. 2001లో మా హేతువాద సంఘం శిక్షణ తరగతుల్లో ‘జ్ఞాపకం సాక్ష్యమా?’ అనే పాఠం నాకు అప్పగించారు. దెయ్యాన్ని చూశాననేవాళ్లు, బాబా చేతిలోంచి విభూతి రాలడం దగ్గరుండి చూశాననేవాళ్లు అందరూ అబద్ధాలకోర్లు కారు, జ్ఞాపకం తనంతట తాను కథలల్లుతుంది అని చెప్పడం ఆ పాఠం ఉద్దేశం. ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ 1974లో చేసిన ప్రయోగం చెప్పాను. కార్లు ఢీకొన్న ఫిల్మ్ చూపించి, ‘తాకినప్పుడు’ అని అడిగితే ఒక వేగం, ‘గుద్దుకున్నప్పుడు’ అని అడిగితే ఎక్కువ వేగం చెప్పారు జనం. వారం తర్వాత అడిగితే, ఆ రెండో జట్టులో మిగతావాళ్ల కంటే ఎక్కువమంది లేని గాజుపెంకులు కూడా చూశామన్నారు.

తర్వాత మనవాళ్లకు అర్థమయ్యే ఉదాహరణ కావాలని ‘మాయాబజార్’ (1957)లో అర్జునుడు ఎవరు వేశారో చెప్పమన్నాను. నాలుగు పేర్లు వినిపించాయి. ఆ సినిమాలో పాండవులు అసలు తెర మీద కనిపించరని చెప్పేసరికి సభ అంతా గొల్లుమంది. అంతవరకూ బాగానే ఉంది. ఆ ఊపులో రెండో ఉదాహరణగా షోలే కథ చెప్పాను. “మా బంధువొకాయన ఉన్నారు, సినిమా హాల్లోనే పనిచేశారు, ఆయనే లేని ముగింపు చూశానంటారు” అన్నాను. మళ్లీ నవ్వులు. ఆ బంధువు చివరి వరసలో కూర్చుని ఉన్నారు. ఊరి నుంచి ఏదో పని మీద వచ్చి, నా ఉపన్యాసం విందామని వచ్చారు. ఆయన కూడా నవ్వారు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తే. దీన్ని మాత్రం జ్ఞాపకం అల్లిన కథ అనలేను, ఎందుకంటే గుర్తొచ్చిన ప్రతిసారీ నాకే ఇబ్బందిగా ఉంటుంది.

2004లో ఇంటర్నెట్ సెంటర్‌లో వేరే దేనికోసమో వెతుకుతుంటే షోలే గురించి ఒక వ్యాసం కనబడింది. సినిమాకు మొదట తీసిన ముగింపు వేరు. ఠాకూరు మేకుల జోళ్లతో గబ్బర్‌ను చంపడమే అసలు ముగింపు. 1975 జూన్‌లో ఎమర్జెన్సీ వచ్చింది. పోలీసు అధికారిగా పనిచేసినవాడు చట్టాన్ని చేతుల్లోకి తీసుకున్నట్టు చూపకూడదని సెన్సారు పట్టుబట్టింది. దర్శకుడు రమేష్ సిప్పీ ఇష్టం లేకపోయినా ముగింపు మళ్లీ తీశారు. హాళ్లలో ఆడింది ఆ మార్చిన ముగింపు. అసలు ముగింపు ఉన్న ప్రతి మాత్రం 1990 ప్రాంతంలో వీడియో క్యాసెట్ల మీద జనంలోకి వచ్చింది.

అంటే మా బావగారు చూసింది నిజం. నేను పాఠంలో చెప్పింది తప్పు. చదివాను, కంప్యూటర్ కట్టేశాను, గంటకు ఇవ్వాల్సిన డబ్బులిచ్చి ఇంటికి వచ్చేశాను. బావగారికి చెప్పలేదు. మరుసటి ఏడాది తరగతుల్లో ఆ ఉదాహరణ చడీచప్పుడు లేకుండా తీసేశాను. ఎందుకు తీసేశానో ఎవరికీ చెప్పలేదు. ఇదే పని ఒక జ్యోతిష్యుడు చేసి ఉంటే, అంటే తప్పిన జోస్యాన్ని గుట్టుగా పక్కన పెట్టి ఉంటే, నేను ఊరుకునేవాణ్ణా?

ఇప్పుడు బొమ్మ నాణ్యత సంగతికి వస్తాను. 2022 ఆగస్టులో ‘పోకిరి’తో మొదలై తెలుగునాట పాత సినిమాల మళ్లీ విడుదలలు ఒక ఊపు ఊపాయి. ‘జల్సా’, ‘ఖుషి’, ‘సింహాద్రి’, తర్వాత 2025లో ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’, ‘ఆదిత్య 369’, ‘శివ’. పోస్టరు మీద ‘4కె’ అన్న ముద్ర తప్పనిసరి అయింది. ఆ ముద్ర చూసి నేనూ ఒక సినిమాకు వెళ్లాను. పేరు చెప్పను. మొహాలన్నీ మైనపు బొమ్మల్లా ఉన్నాయి. జుట్టు ఒకే ముద్ద. దూరంగా ఉన్న మనుషులకు ముక్కూ మూతీ లేవు. పక్క కుర్రాడు మాత్రం “క్లారిటీ అదిరింది అంకుల్!” అన్నాడు.

చిన్న లెక్క చూడండి. సినిమా హాళ్లలో 4కె బొమ్మ అంటే అడ్డంగా 4096, నిలువుగా 2160 చుక్కలు. మొత్తం 88 లక్షలకు పైగా. మనం ఇళ్లలో చూసిన డీవీడీలో 720 అడ్డం, 576 నిలువు. అది సుమారు 4 లక్షల 15 వేలు. డీవీడీ లాంటి ప్రతి నుంచి సాగదీసి 4కె తయారుచేస్తే 21 చుక్కల్లో ఒక్కటే సాక్ష్యం, మిగతా 20 యంత్రం వేసిన అంచనా. అంచనా అందంగా ఉండొచ్చు. అది కెమెరా చూసింది మాత్రం కాదు. నెగటివ్‌ను గానీ మంచి ప్రింటును గానీ 4కెలో స్కాన్ చేస్తే అది వేరే విషయం. పోస్టరు మీద ముద్ర రెండిటికీ ఒకటే. ఎక్కడి నుంచి తీశారు అని అడగనంతవరకు ఆ ముద్ర తాయెత్తు లాంటిదే. కట్టుకున్నవాడికి ధైర్యం, కట్టినవాడికి డబ్బు.

దీనికి ఎదురు అనుభవం కూడా ఉంది. చిన్నప్పుడు బావగారి హాల్లో అరిగిన ప్రింటుతో ‘మిస్సమ్మ’ (1955) చూసి, మార్కస్ బార్‌ట్లే వెన్నెల అని పెద్దవాళ్లు ఎందుకంత మురిసిపోతారో నాకు అర్థం కాలేదు. నాకు కనిపించింది బూడిద రంగు పొగ. 2024 సెప్టెంబరులో అక్కినేని శతజయంతికి ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ వాళ్లు ఆయన సినిమాలు పది, 31 నగరాల్లో వేశారు. అందులో మిస్సమ్మ ఉంది. ఈసారి నలుపుకూ తెలుపుకూ నడుమ ఎన్ని మెట్లున్నాయో కనిపించింది. యాభై ఏళ్లకు వెన్నెల వచ్చింది. పెద్దవాళ్లు చెప్పింది అతిశయోక్తి కాదు. నేను చూసిన ప్రింటే నన్ను మోసం చేసింది. నేనేమో సినిమానే తప్పుపట్టాను.

2025 డిసెంబరు 12న షోలే అసలు ముగింపుతో దేశమంతా హాళ్లలోకి వచ్చింది. బావగారు అప్పుడు హైదరాబాదులో కూతురి దగ్గర ఉన్నారు. 76 ఏళ్లు, రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది. “బావగారూ, షోలేకు వెళ్దామా?” అని ఫోన్ చేశాను. ఆయన ఒక్క క్షణం ఆగి, “ఏ ముగింపుది?” అన్నారు.

ఈ ప్రతి వెనక ఉన్న శ్రమ తెలుసుకోదగ్గది. అసలు కెమెరా నెగటివ్ ‘వెనిగర్ సిండ్రోమ్’తో బాగా పాడైపోయింది. ఎసిటేట్ ఫిల్మ్ వేడికీ చెమ్మకూ విరిగిపోతూ ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది. ఆ ఆమ్లమే మళ్లీ విరగడాన్ని ఇంకా తొందర చేస్తుంది. డబ్బా మూత తీస్తే పులిసిన వాసన. మన వాతావరణంలో చల్లని గది లేకపోతే ఫిల్మ్‌కు ఇదే గతి. 70 ఎంఎం ప్రింటు ఒక్కటీ మిగల్లేదు. చివరకు బ్రిటన్‌లోని ఒక గిడ్డంగిలో దొరికిన రీళ్లు ఆదుకున్నాయి. దాదాపు మూడేళ్ల పని. 2025 జూన్‌లో ఇటలీలోని బొలోన్యా నగరంలో మొదట చూపించారు. సత్యజిత్ రాయ్ ‘పథేర్ పాంచాలి’ (1955) కథా ఇలాంటిదే. 1993లో లండన్ ల్యాబ్‌లో నెగటివ్ కాలిపోయింది. కాలగా మిగిలిన ముక్కల్ని, ఇతర ప్రతుల్ని కలిపి 2015లో నిలబెట్టారు.

అంత అదృష్టం అన్నిటికీ లేదు. మన తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ ఒక్క రీలు కూడా మిగల్లేదు. సినిమా పోతే పోయింది, తేదీ కూడా పోయింది. అది 1931 సెప్టెంబరు 15న విడుదలైందని ఏళ్ల తరబడి అందరూ రాసుకున్నారు, పండగలు కూడా చేసుకున్నారు. పాత్రికేయుడు రెంటాల జయదేవ సెన్సారు వివరాలు, ఆనాటి పత్రికలు వెతికి తీసి, 1932 ఫిబ్రవరి 6 అని తేల్చారు. ఒకరిని చూసి ఒకరు రాసిన వందమంది మాట కంటే ఒక్క కాగితం బరువెక్కువ.

హాల్లో చివరి ఘట్టం వచ్చింది. ఠాకూరు కాలు ఎత్తాడు. పోలీసులు రాలేదు. తెర మీద ఒక్క గీత లేదు. నేను తెర చూడటం మానేసి పక్కకు చూశాను. బావగారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. అంతే.

బయటికొచ్చి టీ తాగుతూ చెప్పేశాను. “బావగారూ, మీరు చెప్పింది నిజమని నాకు 2004లోనే తెలిసింది. మీకు చెప్పలేదు. నలుగురిలో మిమ్మల్ని నవ్వులపాలు చేసి, తప్పు తెలిశాక నోరు మూసుకున్నాను. నన్ను క్షమించండి.”

ఆయన టీ ఊదుకుంటూ, “నాకు తెలుసులేవయ్యా” అన్నారు.

“ఎట్లా?”

“అంతకుముందు ప్రతి పండక్కీ నువ్వే ఆ షోలే సంగతి ఎత్తి ఏడిపించేవాడివి. ఉన్నట్టుండి ఆ ఏడాది నుంచి ఎత్తడం మానేశావు. ఇంకేం కావాలి?”

చూశారా! తరగతులు తీసుకున్నది నేను. ఉన్న ఆధారాన్ని బట్టి తేల్చుకున్నది ఆయన.

కాసేపాగి ఆయనే ఇంకో మాట అన్నారు. “నిజం చెప్పాలంటే నాకూ కొన్నాళ్లు అనుమానమే. ఆ క్యాసెట్ బొమ్మ ఎట్లా ఉంది? ఎవరు ఎవరో తెలియనంత అధ్వానం. నువ్వేమో హాల్లో శుభ్రమైన ప్రింటు చూసొచ్చావు. నీ మాటే నిజమేమో అనుకున్నా.”

నాకు దెబ్బ తగిలింది అక్కడే. నేను విజయవాడలో చూసినది శుభ్రమైన బొమ్మ, కానీ ప్రభుత్వం మార్పించిన కథ. ఆయన చూసినది కాపీకి కాపీ, గీతలు, మసక, కానీ తీసినవాడి అసలు ముగింపు. బొమ్మ శుభ్రంగా ఉండటానికీ అది నిజమైనది కావడానికీ సంబంధం లేదు. నేను బొమ్మ శుభ్రతను సాక్ష్యం అనుకున్నాను. చక్కటి ఇంగ్లీషులో మాట్లాడే బాబాను నమ్మేవాళ్లకూ నాకూ ఆ క్షణంలో తేడా ఏముంది?

ఇది ఒక్క షోలే గొడవ కాదు. 2010లో మాయాబజార్‌ను రంగుల్లో తెచ్చారు. చూడముచ్చటగా ఉందని నేనూ చప్పట్లు కొట్టాను. కానీ నిడివి తగ్గింది. చదరానికి దగ్గరగా ఉండే పాత ఫ్రేమును వెడల్పు తెరకు సరిపెట్టాలంటే పైనో కిందో కోయక తప్పదు. చిన్నపిల్లలు రంగుల్ని చూసి అదే మాయాబజార్ అనుకుంటారు. 2025 ఆగస్టులో ఇంకో అడుగు ముందుకు పడింది. హిందీ ‘రాంఝణా’ (2013) తమిళ రూపాన్ని మళ్లీ విడుదల చేస్తూ, చనిపోయే కథానాయకుణ్ణి కృత్రిమ మేధతో బతికించారు. దర్శకుడు ఆనంద్ ఎల్. రాయ్, నటుడు ధనుష్ ఇద్దరూ అభ్యంతరం చెప్పారు. అయినా ఆడింది.

షోలేకు మరో ముగింపు వచ్చింది, దానికీ మరో ముగింపు వచ్చింది. తెర మీద రెండూ తళతళలాడేవే. ఒకటి కెమెరా ముందు నిజంగా జరిగింది. ఇంకొకటి ఎన్నడూ జరగలేదు. నలభై ఏళ్ల తర్వాత ఒక బావా బావమరిదీ వాదించుకుంటే ఎవరిది నిజమో ఎట్లా తేలుతుంది? కళ్లతో చూస్తే తేలదు. నెగటివ్ ఎక్కడుంది, ఎవరు ఎప్పుడు స్కాన్ చేశారు, సెన్సారు పత్రంలో ఎంత నిడివి ఉంది, వీటితోనే తేలుతుంది. అవి మనం దాచుకుంటేనే ఉంటాయి.

అందుకని చదువరులకు ఒక మనవి. మీ అటక మీద పాత వీడియో క్యాసెట్లు, పాటల పుస్తకాలు, సినిమా పత్రికలు, హాలు కరపత్రాలు ఉంటే కాగితాలవాడికి వేయకండి. బొమ్మ బాగాలేదని క్యాసెట్ పారేయకండి. మళ్లీ విడుదలైన సినిమాకు వెళ్తే ‘4కె’ చూసి మురిసిపోకుండా ‘దేని నుంచి?’ అని అడగండి. జవాబు చెప్పేవాళ్లు మంచి పని చేసినవాళ్లు. చెప్పనివాళ్ల దగ్గర తాయెత్తు కొన్నట్టే.

వచ్చే శిక్షణ తరగతుల్లో ‘జ్ఞాపకం సాక్ష్యమా?’ పాఠం మళ్లీ నేనే చెబుతానని అడిగాను. అర్జునుడి ఉదాహరణ ఉంటుంది. షోలే ఉదాహరణ కూడా ఉంటుంది, ఈసారి పూర్తిగా. 2001లో ఆ సభలో నవ్వినవాళ్లలో చాలామంది ఇప్పుడు మన మధ్య లేరు. ఉన్నవాళ్లు ఇది చదివితే, ఆ రోజు నేను చెప్పింది తప్పు అని దయచేసి తెలుసుకోండి. బావగారిని కూడా రమ్మన్నాను. “ముందు వరసలో కూర్చోబెడతావా?” అని అడిగారు. ఆపరేటర్‌గా ఆయన ఎప్పుడూ సినిమాను అందరికంటే వెనక నుంచే చూశారు మరి!